పక్క కాగితం

ఏప్రిల్ 3

అల్లుడు ఈ రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకటో తరగతి పిల్లల కుర్చీలో కూర్చుని వచ్చాడు. మోకాళ్లు గడ్డానికి తగిలాయట. నడుము పట్టేసిందని గోడకు ఆనుకుని నిలబడే కాఫీ తాగాడు.

డ్రాయింగ్ టీచర్ల ట్రైనింగ్‌లో మొదటి పాఠమే అదట. పిల్లలంత ఎత్తులో కూర్చుంటే బోర్డు ఎంత దూరంగా కనిపిస్తుందో టీచర్‌కి తెలియాలట. పోస్టర్లు వేసే ఒకాయన, బాగా పొట్ట ఉన్న మనిషి, లేవబోతే కుర్చీ కూడా ఆయనతో పాటే లేచిందట. ఇద్దరు పట్టుకుని లాగారట. అది చెబుతూ అల్లుడు నవ్వబోయి ఆగిపోయాడు.

బెంగలన్నీ కాగితం మీద రాసి పడేస్తే మనసు తేలికపడుతుందని డాక్టరమ్మ చెప్పింది. నేను చదివింది ఐదో తరగతి. రాత అంతంత మాత్రమే. బెంగలకు మాత్రం కొదవ లేదు.

అన్నిటికంటే పెద్ద బెంగ ఇది. మా అమ్మాయి పోయి ఏడాది దాటింది. జ్వరమని తన కాళ్లతో తాను నడిచి ఆస్పత్రికి వెళ్లింది, మళ్లీ నడిచి రాలేదు. అప్పటి నుంచి అల్లుడూ పాపా నా దగ్గరే, ఈ రెండు గదుల్లోనే ఉంటున్నారు. అల్లుడు బిస్కెట్ పాకెట్లు, మందు డబ్బాలు డిజైన్ చేసేవాడు. ఆ కంపెనీ వేరే ఊరికి తరలిపోయింది. నువ్వూ రా అన్నారు. పాప స్కూలు నుంచి వచ్చే వేళకు ఇంట్లో ఉండే ఉద్యోగం కావాలని ఇతను వెళ్లలేదు. ఆర్టిస్టులను, డిజైనర్లను డ్రాయింగ్ టీచర్లుగా తయారుచేసే ఈ ట్రైనింగ్‌లో చేరాడు. పాసైతే పాప చదివే స్కూల్లోనే తీసుకుంటామన్నారు. ఫెయిలైతే ఆ కంపెనీకే పోవాలి. ఆ ఊళ్లోనే వాళ్లక్క ఉంది. పాపను ఆవిడ పెంచుతుంది.

అంటే పాప నా దగ్గర ఉండదు.

ఇదిగో, రాశాను. ఏమీ తేలికపడలేదు.

ఏప్రిల్ 6

ఈ వారమంతా వాళ్లు ఎడమ చేత్తోనే బొమ్మలు వేయాలట. నేర్పే ఆవిడను అందరూ పెద్దమేడం అంటారు. అంత పేరు మోసిన ఆర్టిస్టులూ ఎడమ చేత్తో గీతలు వంకరపోయి తలలు పట్టుకున్నారట. నగలు డిజైన్ చేసే అమ్మాయి ఏకంగా ఏడ్చేసిందట. అప్పుడు పెద్దమేడం, మీ క్లాసుకు వచ్చే పిల్లలకు రోజూ ఇలాగే ఉంటుంది, విసుక్కోబోయే ముందు మీ ఎడమ చెయ్యి గుర్తు తెచ్చుకోండి అందట. మనిషి కోపిష్టిదేమో గానీ తెలివైనది.

అల్లుడు వేసిన గుర్రాన్ని తెచ్చి చూపించాడు. గుర్రమని చెప్పాడు కాబట్టి గుర్రం. పాప చూసి, ఇది బల్ల కదా నాన్నా, నాలుగు కాళ్లున్నాయి అంది. అల్లుడు గట్టిగా నవ్వేశాడు. ఈ ఇంట్లో ఆ నవ్వు విని ఎంత కాలమైందో. వెంటనే నాకు భయం పట్టుకుంది, ఇంత నవ్వితే తర్వాత ఏం మూడుతుందోనని.

ఎడమ చెయ్యి కాబట్టి వేశాడు. కుడి చేత్తో బొమ్మ వేయడం మా అమ్మాయి పోయిన నాడే మానేశాడు. తర్వాత కంపెనీలో ఉన్న ఆ కొద్ది నెలలూ కంప్యూటర్‌తోనే నెట్టుకొచ్చాడు. పెన్సిల్ పట్టుకుంటే వేళ్లు కొయ్యలైపోతాయి అత్తయ్యా అన్నాడు ఒకసారి. డాక్టర్‌కి చూపించమన్నాను. ఇది డాక్టర్ చూసేది కాదు అన్నాడు.

ఏప్రిల్ 11

కొంప మునిగింది.

ఈ రోజు మొదటిసారి నిజం పిల్లల ముందు పాఠం చెప్పించారు. చుట్టుపక్కల వీధుల పిల్లలను పిలిచి కూర్చోబెడతారు, ట్రైనింగ్ వాళ్లు ఒక్కొక్కరే పాఠం చెబుతారు. ఒక పాప పిల్లిని వేసిందట. కాళ్లన్నీ ఒకే వైపు ఉన్నాయట. ఇతను ఊరుకోలేకపోయాడు. ఆ పిల్ల చేతిలోంచి పెన్సిల్ తీసుకుని ఎడమ చేత్తోనే రెండు గీతలు గీశాడట. అంతే, పిల్లి సరిగ్గా కుదిరిందట. క్లాసు అయ్యాక పిల్లలందరూ ఎవరి బొమ్మలు వాళ్లు పట్టుకెళ్లారు, ఆ పిల్ల మాత్రం బల్ల మీదే వదిలేసిపోయింది. ఎందుకమ్మా అని పెద్దమేడం పిలిచి అడిగితే, అది సార్ పిల్లి, నా పిల్లి ఏదీ అందట.

అక్కడి రూలు ఒకటే. పిల్లల కాగితం మీద టీచర్ చెయ్యి పడకూడదు. చూపించాలనుకుంటే పక్కన కూర్చుని, తన కాగితం మీద తాను వేసి చూపించాలి. పిల్లలు చూస్తారు, వాళ్లకు తోచింది వాళ్లు వేసుకుంటారు. దాన్ని పక్క కాగితం అంటారట.

మార్కులు పడలేదు. ఇంకో ప్రాక్టీసు పాఠం ఉంది. ఆ తర్వాత బయటి నుంచి ఎగ్జామినర్ వచ్చి చూసే చివరి పాఠం.

నాకు నచ్చలేదు. తప్పుంటే దిద్దకపోతే టీచర్ ఎందుకు? మా టీచర్ దిద్దేది, పైగా తొడపాశం పెట్టేది. ఆ మాటే అన్నాను.  ఆ పిల్ల మొహం చూడాల్సింది అత్తయ్యా అన్నాడు అల్లుడు.  కాగితాన్ని తన దగ్గర నుంచి కొంచెం అవతలకు జరిపిందట, అంతే.

ఏప్రిల్ 12

బీపీ మాత్ర వేసుకున్నానో లేదో గుర్తు లేదు. మళ్లీ వేసుకుంటే ఏమవుతుందోనని భయం, వేసుకోకపోతే ఏమవుతుందోనని భయం.

ఏప్రిల్ 15

నన్ను స్టూడెంట్‌ని చేశాడు!

సాయంత్రం పాప ఆడుకోవడానికి కిందికి వెళ్లాక, అత్తయ్యా, నాకు ప్రాక్టీసు కావాలి, ఒక అరగంట కూర్చోండి అన్నాడు. ఈ వయసులో నాకు బొమ్మలేమిటి, నలుగురూ నవ్వుతారు అన్నాను. నలుగురు లేరు, మీరూ నేనూ జగ్గూ ముగ్గురమే అన్నాడు. మంచినీళ్ల జగ్గు తెచ్చి ఎదురుగా పెట్టాడు.

చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు, పోలీసులు పట్టుకున్న దొంగలాగా. నా కాగితం మీదికి చెయ్యి పోకుండా అట. గీయండి అనడు. అడుగుతాడు. ఎక్కడ లావుగా ఉంది? ఎక్కడ సన్నబడింది? పిడి లోపల ఖాళీ ఉంది కదా, ఆ ఖాళీ ఏ ఆకారంలో ఉంది? ఇన్నేళ్లుగా ఆ జగ్గుతో నీళ్లు పోస్తున్నాను, దాని పిడిలో ఒక ఖాళీ ఉందని నేనెప్పుడైనా చూశానా. చెవి ఆకారం ఆ ఖాళీది. గీశాను. జగ్గు మొత్తం ఒక పక్కకు వాలిపోయింది, తాగినవాడిలాగా. అల్లుడు మాత్రం ఆ పిడి చూసి, బాగా చూశారు అత్తయ్యా అన్నాడు. బాగా వేశారు అనలేదు, బాగా చూశారు అన్నాడు.

నా జన్మలో నన్ను ఎవరూ ఆ మాట అనలేదు. పొంగిపోయాను. పొంగు చూసుకుని భయం వేసింది.

ఏప్రిల్ 19

రెండో పాఠం గట్టెక్కింది. బొటాబొటిగా.

పెద్దమేడం పిలిచి, నీ నోరు బాగా నేర్పుతోంది, నీ చెయ్యి మాత్రం దాక్కుంటోంది అందట. మిగతా వాళ్లంతా పిల్లల పక్కన కూర్చుని వేస్తున్నారు, చెరుపుతున్నారు, మళ్లీ వేస్తున్నారు, నువ్వేమో పాఠమంతా చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నావు, బొమ్మ వేయని వాడు బొమ్మలు ఎలా నేర్పుతాడు, ఎగ్జామినర్ మొదట అడిగేది పక్క కాగితమే అందట.  చేతకాదు అని చెప్పుకోవడానికి ఇతనికి నామోషీ.

సాయంత్రం వాళ్లక్క ఫోను. నాకు వినపడేలాగే మాట్లాడుతుంది ఆవిడ, అసలే గొంతు పెద్దది. ఎన్నాళ్లురా ఈ బొమ్మలాట, కంపెనీ వాళ్లు ఇంకా ఎన్నిసార్లు పిలుస్తారు, పిల్లను నా దగ్గర పడెయ్, నా పిల్లలతో పాటే పెరుగుతుంది, ఆవిడకు మాత్రం పెద్దతనంలో ఈ చాకిరీ ఎందుకు అంది. ఆవిడ అంటే నేను. చెడ్డ మనిషి కాదు. అదే నా ప్రాణానికి వచ్చింది. చెడ్డదైతే తిట్టుకునైనా బతికేదాన్ని.

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని మా అమ్మ అనేది. నా మటుకు నాకు ఆ దురదంతా ఉంది.

ఏప్రిల్ 22

సెలవులకు పిల్లలు ఊళ్లకు పోతున్నారట. చివరి పాఠానికి క్లాసు నిండదేమోనని, ఇంట్లో వాళ్లను ఎవరినైనా తీసుకురమ్మన్నారట. వయసుతో పనిలేదట. మీరు రండి అత్తయ్యా, మీరు ముందు వరసలో ఉంటే నాకు ధైర్యం అన్నాడు.

నేను ఎవరికైనా ధైర్యం ఇవ్వడమా! సరే అన్నాను.

ఏప్రిల్ 24

చేయకూడని పని చేశాను.

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. జగ్గు వేసిన కాగితం వెనక్కి తిప్పి మా అమ్మాయి మొహం వేయబోయాను. ఫోటోలు లేక కాదు, డబ్బా నిండా ఉన్నాయి. ఏ ఫోటోలో చూసినా పెదాలు బిగించుకునే ఉంటుంది. పన్ను మీద పన్ను వచ్చిందని సిగ్గు దానికి. కెమెరా చూడగానే నోరు మూసేది. నాకు కావాల్సింది నోరు తెరిచి మాట్లాడే మొహం. అది నా కళ్లలో ఉంది, కాగితం మీదికి దిగడం లేదు. కళ్లు వచ్చాయి, నుదురు వచ్చింది, నోటి దగ్గరికి వచ్చేసరికి ఎవరో పక్కింటామె అయిపోతోంది.

అల్లుడు రాగానే చూపించి, ఈ మూతి ఒక్కటి సరిచేసి పెట్టు బాబూ, నీకు ఒక్క నిమిషం పని అన్నాను. అతను కాగితం చూశాడు. నెమ్మదిగా దాన్ని జగ్గు బొమ్మ ఉన్న వైపుకు తిప్పి బల్ల మీద పెట్టాడు. మనుషులు మన పాఠంలో లేరు అత్తయ్యా అని బయటికి వెళ్లిపోయాడు. అన్నం కూడా సరిగ్గా తినలేదు.

చేతులు కడుక్కుంటూ నా వైపు చూడకుండానే అన్నాడు. నాకు గుర్తుంది అత్తయ్యా, నా చేతికి గుర్తుందో లేదో, వేయబోయి రాకపోతే అప్పుడు నిజంగానే పోయినట్టు కదా అన్నాడు.

ఇంతకాలం నేను వేళ్ల జబ్బనుకున్నాను.

ఏప్రిల్ 27

రేపే. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. కీడంతా ఎంచడం అయింది. మేలు దగ్గరికి వచ్చేసరికి ఓపిక లేదు.

ఏప్రిల్ 28, మధ్యాహ్నం

అయిపోయింది. ఇంకా వాళ్లు లోపల మాట్లాడుకుంటున్నారు. నేను వరండాలో బెంచీ మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

పొడుగాటి గది. గోడలకు రంగు చేతుల ముద్రలు. మూలన సింకు, అందులో అన్ని రంగుల నీళ్లు. ముందు వరసలో నేను, నా పక్కన ఒక తాతగారు, మిగతా అంతా పిల్లలు. ఎగ్జామినర్ వెనక గోడ దగ్గర కూర్చున్నాడు, అట్ట మీద కాగితాలు పెట్టుకుని. పెద్దమేడం పక్కనే నిలబడింది. చేత్తో సుద్దముక్కను ముక్కలు ముక్కలుగా విరుస్తూనే ఉంది.

అల్లుడు బాగా మొదలుపెట్టాడు. కళ్లు మూసుకోండి, పొద్దున మీ చెయ్యి దేన్ని ముట్టుకుందో గుర్తు తెచ్చుకోండి, దాన్ని వేయండి అన్నాడు. పిల్లలు ఒకటే గోల. ఒకడు తాళం చెవి అన్నాడు, ఒక పిల్ల మా తమ్ముడి ముక్కు అంది. తాతగారు తన కళ్లజోడు అన్నాడు, అది లేకుండా దాన్ని ఎలా వేయాలని పెట్టుకుని మళ్లీ తీశాడు. ఎగ్జామినర్ కూడా నవ్వాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

నా చెయ్యి పొద్దున పాప జడను ముట్టుకుంది. జడ వేద్దామని మొదలుపెట్టాను. జడ మాత్రమే. ఒట్టు. జడ పైకి పోతే తల వచ్చింది. తల కొంచెం పక్కకు తిరిగింది. పాప తల అలా తిప్పదు. అలా తిప్పేది మా అమ్మాయి. జడ లాగుతున్నావమ్మా అని వెనక్కి తిరిగి చూసేది. ఇక నా చెయ్యి నా మాట వినలేదు. కన్ను, చెంప, చెవి. నోరు దగ్గర ఆగింది. వేశాను, చెరిపాను. వేశాను, చెరిపాను. కాగితం నూగు లేచింది, చిరిగింది. నా కళ్ల నీళ్లు ఆ చిరుగు మీదే పడ్డాయి.

అల్లుడు నా దగ్గరికి వచ్చి ఆగాడు. చూశాడు. చేతులు వెనకే ఉన్నాయి. మనుషులు మన పాఠంలో లేరు అంటాడనుకున్నాను. చిన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒక తెల్ల కాగితం తీసుకుని నా కాగితం పక్కన పెట్టుకున్నాడు. కుడి చేత్తో పెన్సిల్ పట్టుకున్నాడు.

మొదటి గీత వణికింది. రెండోది వణకలేదు.

ఏం చెప్పను. గడ్డం వచ్చింది. మెడ వచ్చింది. నేను నా బొమ్మ మర్చిపోయాను. అతను క్లాసు మర్చిపోయాడు. ఆ సంగతి నాకు తెలుస్తూనే ఉంది. వెనక పిల్లలు సార్, సార్ అని పిలుస్తున్నారు. ఎవరో రంగునీళ్లు ఒలకబోశారు. ఒకడు కాగితం విమానం చేసి వదిలాడు. అది వచ్చి ఎగ్జామినర్ ఒళ్లో పడింది. పెద్దమేడం రెండుసార్లు దగ్గింది. బాబూ, అటు చూడు, పిల్లలు పిలుస్తున్నారు అని నేను ఒక్క మాట అంటే చాలు. మోచేత్తో పొడిచినా చాలు.

అనలేదు. అప్పుడే పెదాలు వస్తున్నాయి.

బెల్లు మోగింది. అప్పుడు తలెత్తాడు. అతని కాగితం చూశాను. పన్ను మీద పన్ను ఉంది. తల వెనక్కి వాల్చి, గొంతు కనబడేలా, కళ్లు మూతలు పడేలా నవ్వుతోంది. ఎవరి ముందూ సిగ్గు లేనట్టు. నా ముందు అది ఎప్పుడూ అలా నవ్వలేదు. నా దగ్గర చేత్తో నోరు మూసుకుని నవ్వేది. ఈ మనిషి నా కూతురే, నేను ఎరగని కూతురు.

అతను నా కాగితం వైపు చూస్తున్నాడు. ఎవరు అత్తయ్యా ఇది అన్నాడు. అది నాలుగో తరగతిలో ఉన్నప్పుడు అన్నాను. అతను ఆ పిల్లను ఎన్నడూ చూడలేదు కదా. ఆ కాగితం మీదికి వంగి పసివాడిలాగా ఏడ్చాడు. 

అదే రోజు, సాయంత్రం

ఫెయిల్.

ఎగ్జామినర్ మర్యాదగానే చెప్పాడు. ఈ బ్యాచ్‌లో ఇంత మంచి చెయ్యి ఇంకొకరికి లేదు, కాదనను, కానీ పాఠమంతా ఒక్కరినే చూశారు, మిగతా పిల్లలు ఎవరి దారిన వాళ్లు పోయారు, ఒక పిల్లవాడు అసలు పెన్సిలే ముట్టలేదు, మీరు ఆర్టిస్టు, టీచర్ కావడానికి ఇంకా టైం ఉంది అన్నాడట. మళ్లీ పరీక్ష వచ్చే ఏడాదే.

పెద్దమేడం బయటికి వచ్చి నా పక్కన కూర్చుంది. కోపిష్టిది అని రాశాను, తప్పు. నా చెయ్యి పట్టుకుని, పక్క కాగితం మాత్రం నేను అడిగిందానికంటే బాగా వేశాడమ్మా అంది. ఆ మాటతో ఏం చేసుకోను.

 బస్సులో అల్లుడు తన కుడి చెయ్యిని ఒళ్లో పెట్టుకుని చూసుకుంటున్నాడు. దిగేటప్పుడు, మీ వల్ల కాదు అత్తయ్యా అన్నాడు.

నేను అడగకుండానే అన్నాడు.

మే 2

కంపెనీకి ఫోన్ చేశాడు. వచ్చెయ్యమన్నారు. ఏడాది ఆగలేడు, ఇల్లు గడవాలి.

వాళ్లక్క వచ్చింది. పాప గౌన్లన్నీ మడత పెట్టింది, నాకంటే చక్కగా. మీరూ రండి పిన్నిగారూ అంది, గుమ్మం దాటుతున్న చుట్టాన్ని భోంచేసి వెళ్లమన్నట్టు. అల్లుడు మాత్రం నిజంగానే అడిగాడు. అల్లుడి ఇంట్లోనే అయితే ఉందును. అల్లుడి అక్క ఇంట్లో, ఆవిడ అత్తమామల ముందు నేనెవరిని? ఏం వరస చెప్పుకుని అన్నానికి కూర్చోవాలి? ఇక్కడ నాకు అలవాటే, మీరు వెళ్లండి అన్నాను. నేను ఇంత గట్టిగా అబద్ధమాడగలనని నాకే తెలియదు.

అల్లుడు ఇప్పుడు ఎక్కడ పడితే అక్కడ బొమ్మలు వేస్తున్నాడు. పేపరు అంచుల మీద, మందుల చీటీ వెనక. పాప చెయ్యి, పాప చెవి, వాళ్లక్క ముక్కు. ఆవిడ చూసి, నా ముక్కు అంత ఉందట్రా అని మండిపడింది. అతను హాయిగా నవ్వుతున్నాడు. సంతోషించాలో ఏడవాలో తెలియక కూరలో రెండుసార్లు ఉప్పు వేశాను.

మే 8

సామాను కట్టేటప్పుడు రెండు బొమ్మలూ తెచ్చాడు. ఏది ఎవరికి అని ఇద్దరమూ కాసేపు నిలబడ్డాం. చివరికి, చిరుగున్నది నేను తీసుకుంటాను అత్తయ్యా, ఆ పిల్ల నాకు తెలియదు కదా అన్నాడు. నవ్వుతున్నది నాకు ఇచ్చాడు.

పాప అడ్డం వచ్చింది. ఇందులో మా అమ్మ ఎవరు అని అడిగింది. ఇద్దరూ అన్నాడు వాళ్ల నాన్న. అయితే నేను ఎవరిని చూసి మాట్లాడాలి అంది. 

మే 9

వెళ్లారు. పాప బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపలేదు, అలిగింది. నేను ఊపాను. బస్సు మలుపు తిరిగాక కూడా ఊపుతూనే ఉన్నానట, పక్క షాపు అతను చెప్పాడు.

మే 12

ముందుగది గోడ మీది మనిషి నవ్వుతూనే ఉంటుంది. ఏం చూసి అంత నవ్వు వచ్చిందే నీకు అని అడిగాను. మీ ఆయన ఏమన్నాడు? చెప్పవూ?

మే 17

పాప సాక్సు ఒకటి మంచం కింద దొరికింది. ఒకటే. బల్ల మీద పెట్టి వేశాను. సాక్సులాగే వచ్చింది. మడమ దగ్గర పలచబడ్డ చోటు కూడా వచ్చింది.

చూపిద్దామని ముందుగదిలోకి వెళ్లాను.